పద్మజ కోసం ప్రార్థన

గురువారం రాజోలు బస్సు వచ్చేవేళకి కరుణమ్మ పొయ్యి మీది కూరైనా దించేసి రోడ్డు మీదికొస్తుంది. మిషన్ బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. బస్సులోంచి దిగిన వారపత్రిక కొని, కిళ్లీకొట్టు బల్ల మీదే కూర్చుని, కాడ విరిగిన కళ్ళజోడుని దారంతో చెవికి తగిలించుకుని క్షుద్రశక్తుల సీరియల్ చదువుతుంది. భయమేస్తే కొంగు నోట్లో కుక్కుకుంటుంది గాని పేజీ తిప్పడం ఆపదు. ఆ వారం మాంత్రికుడు పద్మజ అనే పిల్లని శ్మశానంలో ముగ్గు మధ్య కూర్చోబెట్టి కత్తి ఎత్తాడు. అక్కడితో ఆపేశారు. కరుణమ్మకి అన్నం సయించలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, "పద్మజ అని ఓ పిల్లండి. దుష్టుడి చేతిలో పడిందండి" అంది. పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. ఆడవాళ్ళు ఏడ్చారు.

మరుసటి ఆదివారం కరుణమ్మ కానుకగా కొబ్బరిగెల మోసుకొచ్చి సాక్ష్యం చెప్పింది. "పద్మజ బతికిందండి! ఆ కత్తి వాడికే దిగిందండి!" చప్పట్లు మోగాయి.

"ఏ ఊరి పిల్లండీ?" అన్నారు అయ్యగారు.

"ఊరు రాయలేదండి. సీరియల్లో పిల్లండి."

చర్చంతా గొల్లున నవ్వింది. అయ్యగారి భార్య పుష్పలతగారు, "కథలో పిల్లకి ప్రార్థనేంటి కరుణమ్మగారూ!" అన్నారు.

"దానికి మాత్రం ఎవరున్నారండి, అమ్మగారూ?"

"మరి వాడు చచ్చినట్టేనా?" అన్నారు అయ్యగారు, నవ్వాపుకుంటూ.

"ఆయ్, చచ్చాడండి!"

అయ్యగారు అందరిచేతా స్తోత్రం చెప్పించారు. ఆరాధన అయ్యాక కానుకల వేలంలో ఆ గెలని పుష్పలతగారు పాడుకున్నారు. గురువారం బస్సు వేళకి కిళ్లీకొట్టు బల్ల మీద కరుణమ్మ, పుష్పలతగారు ఇద్దరూ కూర్చున్నారు.