బూడిదరంగు డబ్బా కింద ఖాదర్ వలి పేరు

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రోజున మా పత్రిక వేసిన ప్రత్యేక సంచిక మొదటి పేజీలో, పైనుంచి సగం దాకా, ఒక బూడిదరంగు డబ్బా అచ్చయింది. దాని కింద చక్కటి అక్షరాల్లో ఇలా ఉంది: ‘విద్యుద్దీపాల కాంతిలో కనువిందు చేస్తున్న గోపురం. ఫొటో: ఖాదర్ వలి’. డబ్బాలో గోపురం లేదు, దీపాలు లేవు, కనువిందు అసలే లేదు. లోపలి పేజీల్లో ఇలాంటివే మరో పది. ‘భక్తజన సంద్రం’ అన్న శీర్షిక కింద ఒక్క భక్తుడూ లేడు.

ఇదంతా ఏ దొంగో, వైరసో చేసిన ఘనకార్యం కాదు. దొంగలూ వైరస్‌లూ రాకుండా నేను చేసిన కట్టుదిట్టమైన ఏర్పాటు ఫలితం. ఎంత కట్టుదిట్టమంటే, పెళ్లింటికి కాపలా పెడితే పెళ్లికొడుకునే గేటు దగ్గర ఆపేసినట్టు.

కడపలో మాదొక చిన్న దినపత్రిక. నేను సబ్ఎడిటర్ని. ఒకరోజు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని చింపకుండా లాగినందుకు ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ నన్ను బాధ్యుణ్ణి చేశారు. మా దగ్గర పదోన్నతులు అలాగే వచ్చేవి. తర్వాత హైదరాబాదులో రెండు రోజుల శిక్షణకు పంపారు. ఒక సంచీ, ఒక సర్టిఫికెట్, మోయలేనంత గర్వం వెంటబెట్టుకుని తిరిగొచ్చాను.

అక్కడ నేర్చుకున్నది మాండేటరీ యాక్సెస్ కంట్రోల్. పేరు చూసి జడుసుకోకండి, సంగతి తేలికే. సర్వర్లో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ, ప్రతి ఫైలుకూ ఒక ముద్ర ఉంటుంది. ఏ ముద్ర ఉన్న ప్రోగ్రామ్ ఏ ముద్ర ఉన్న ఫైలును ముట్టుకోవచ్చో ముందే రాసిపెడతారు. రాయనిది నిషిద్ధం. ఫైలు సొంతదారుడు వచ్చి ‘పర్లేదు, ముట్టుకోనీ’ అన్నా వినదు.

మా ఇన్‌చార్జి ఓబుల్‌రెడ్డి సారుకు ఇదంతా విడమరచి చెప్పాను.

“దొంగ ఒక గదిలోకి దూరినా పక్క గదిలోకి పోలేడు సార్.”

“మన సర్వర్లో దొంగ ఎత్తకపోయేదానికి ఏముండాదప్పా? నిన్నటి వార్తలు. వాటిని మనమే పొద్దున్నే ఇంటింటికీ ఏసొస్తాండాం గదా.”

నేను జాలిగా నవ్వాను. శిక్షణ పొందినవాడు పొందనివాడి వైపు చూసి నవ్వే నవ్వు అది.

ఇక ఖాదర్ వలి. మా ఫొటోగ్రాఫర్. పన్నెండేళ్లుగా కంట్రిబ్యూటర్ హోదాలోనే ఉన్నాడు. ఫొటో పడితే మనిషి ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. ఆ ఏడాది కల్యాణానికి మా హెడ్డాఫీసు పెద్దాయన వస్తున్నారని కబురొచ్చింది. “స్పెషల్‌ను ఆయన చేతిలో పెడ్తా. ఫొటోలు చూసినాక నీ పర్మనెంటు ఫైలు మీద సంతకం పెట్టిస్తా” అని ఓబుల్‌రెడ్డి సారు ఖాదర్ వలికి మాటిచ్చారు. ఆ మాట పట్టుకుని ఖాదర్ వలి మూడు రోజులు ఒంటిమిట్టలోనే ఉన్నాడు. ఒక్క గోపురం ఫొటో కోసం ఎవరి మిద్దెమీదో రెండు గంటలు నిలబడ్డాడట.

అంత ముఖ్యమైన సంచికకు రక్షణ లేకపోతే ఎలా? అందుకని సరిగ్గా కల్యాణం రోజు ఉదయం తొమ్మిదింటికి నా కొత్త కట్టడిని అమల్లో పెట్టాను. అంతకుముందు వారం పరీక్షించాను కూడా. నా ఫొటోనే పది సార్లు పేజీల ఫోల్డర్లోకి కాపీ చేశాను. పది సార్లూ నా ముఖం నిక్షేపంగా వచ్చింది.

అయితే మా ఆఫీసులో కాపీ చేసే అలవాటు నాకొక్కడికే ఉండేది. సర్వర్లో ఎప్పుడూ చోటు చాలేది కాదు. కొత్త డిస్కు అడిగితే ఓబుల్‌రెడ్డి సారు ప్రతి కంప్యూటర్ పైనా ఒక కాగితం అంటించారు: ‘ఎవ్వరూ కాపీ చేయరాదు. కట్ చేసి పేస్టు చేయవలెను.’ కింద సంతకం, ముద్ర. అందరూ బుద్ధిగా కట్ చేసేవారు. కాపీ చేస్తే చేరిన ఫోల్డర్లో కొత్త ఫైలు పుడుతుంది, ఆ ఫోల్డర్ ముద్రే దానికి పడుతుంది. కట్ చేస్తే పాత ఫైలే పాత ముద్రతో నడిచి వస్తుంది. ఈ తేడా శిక్షణలో రెండో రోజు భోజనం తర్వాత చెప్పి ఉంటారు. ఆ పూట నేను కళ్లు తెరిచి ఉన్నట్టు గుర్తులేదు.

పదకొండింటికి ఖాదర్ వలి వచ్చాడు. కార్డులోని ఫొటోలను సర్వర్లో తన ఫోల్డర్లోకి దించాడు. అక్కణ్ణుంచి కట్ చేసి పేజీల ఫోల్డర్లో పెట్టాడు. పేజీ దిద్దే తెరమీద అంతా బ్రహ్మాండంగా ఉంది. ప్రెస్సుకు పంపే చివరి పేజీని తయారుచేసేది మాత్రం సర్వర్లోని ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామ్ ఫొటోల దగ్గరికి వెళ్లింది. ముద్ర కుదరలేదని నా కట్టడి అడ్డుపడింది. వినయంగా వెనుదిరిగి, ఆ చోట్లలో బూడిద పూసింది.

“ఏమప్పా, నా గోపురం యాడ పోయింది?”

“ఈడే ఉండాది ఖాదరన్నా. సర్వర్ భద్రంగా దాచింది.”

“దాచమన్నది ఎవరప్పా? నేను అచ్చేయమంటాండా.”

ఓబుల్‌రెడ్డి సారు వచ్చారు. “నువ్వు పెట్టిందాన్ని ఆపేసేదానికి కాదా?”

“రెండు సెకన్ల పని సార్. కానీ ఆపకూడదు.”

“ఎందుకంట?”

“ఆపేసేవాడు చేతగానోడని శిక్షణలో చెప్పినారు.”

“ఆపనోడు మొనగాడని గూడా చెప్పినారా?”

నాకు పౌరుషం వచ్చింది. మూలం నుంచే సరిచేస్తానన్నాను. సర్వర్ను ఆపి మళ్లీ లేపితే, అదే ప్రతి ఫైలునూ పలకరించి సరైన ముద్ర వేస్తుంది. ఆపి లేపాను. పదిహేనేళ్ల ఫైళ్లున్నాయన్న సంగతి అది లేచాక గుర్తొచ్చింది. పాత ఎన్నికల అభ్యర్థులు, మహానంది వెళ్లే బస్సుల వేళలు, కర్నూలు ఉల్లిగడ్డల ధరలు, అన్నిటినీ పేరుపేరునా పలకరించడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపే వీల్లేదు.

ఖాదర్ వలి కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

“ఎంతాయె?”

“మూడు శాతం అన్నా.”

కాసేపటికి మళ్లీ, “ఇప్పుడో?”

“నాలుగు.”

“కార్డులో ఫొటోలు అట్లే ఉండాయి. ఎత్తుకొని ప్రెస్సుకు పోదునా?”

“వాళ్లకు ఫొటోలు గాదన్నా, సర్వర్ చేసిన పేజీ కావాల.”

“ఆ సర్వర్ ఉల్లిగడ్డల కాడ ఉండాది గదప్పా!”

రెండింటికి ప్రెస్సు ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. “సారూ, ప్లేట్లు తీయాల. మూడింటికి ఒంటిమిట్ట బండి పోతాది. ఉండే పేజీలు పంపండి.”

“ఉండే పేజీల్లో బొమ్మల్లేవు” అన్నారు ఓబుల్‌రెడ్డి సారు.

“అచ్చరాలుండాయి గదా?”

పొద్దున తీసిన పేజీలు నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. బూడిదతో సహా పంపాం.

నాలుగున్నరకు ముద్రల పని పూర్తయింది. పదకొండు ఫొటోలూ పేజీల్లో దేదీప్యమానంగా వెలిగాయి. చూడటానికి మేం ముగ్గురమే ఉన్నాం. అప్పటికి సంచిక కట్టలు ఒంటిమిట్టలో దిగాయి.

అప్పుడు, తీరిగ్గా, సర్వర్ తనలో జరిగేవన్నీ రాసిపెట్టుకునే చిట్టా, అంటే లాగ్, తెరిచాను. పదకొండు గంటలప్పుడే అది ప్రతి ఫొటో పేరూ రాసి, ముద్ర తప్పుగా ఉందని చెప్పి, సరిచేయడానికి ఇవ్వాల్సిన ఆదేశాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టింది. ఒకే ఒక్క వరుస. మర్నాడు ఇచ్చి చూస్తే తుమ్మినంత సేపు పట్టలేదు. చదవండి, చదవండి అని జనాన్ని వేడుకుని పొట్టపోసుకునే వృత్తి నాది. నా కోసం రాసిన వరుసను మాత్రం చదవలేదు.

ఖాదర్ వలి నన్ను తిట్టలేదు. సంచికను రెండు చేతుల్తో పట్టుకుని చూసి, “పేరు మాత్రం తప్పుల్లేకుండా పడిందిలే అప్పా” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఒంటిమిట్టలో పెద్దాయన సంచికను అటూ ఇటూ తిప్పారట. పక్కనున్న ఓబుల్‌రెడ్డి సారును అడిగారట.

“ఈ ఖాదర్ వలి ఎవరు?”

“మా ఫొటోగ్రాఫర్ సార్.”

“ఓహో. ఫొటోలు తీస్తాడా?”

ఆ మాట విన్న రోజునే నా సర్టిఫికెట్ మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. లాగ్ చదవకుండా సర్వర్ జోలికి పోను. పండగ పూట ఏ కట్టడీ పెట్టను. మనుషులు రోజూ పని ఎలా చేస్తారో చూడకుండా, నేను చేసే తీరే లోకం తీరని ఇంకెప్పుడూ అనుకోను. సూర్యచంద్రులున్నంత కాలం, కనీసం నాకు ఉద్యోగం ఉన్నంత కాలం, దీనికి కట్టుబడి ఉంటాను.

తప్పు పూర్తిగా నాదేనని, పదకొండు ఫొటోలూ జతచేసి, హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. తర్వాత ఓబుల్‌రెడ్డి సారు రిటైరయ్యారు, నన్ను కర్నూలుకు మార్చారు, ఆ పెద్దాయన కుర్చీలోకి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చి వెళ్లారు. పోయిన నెల ఫోన్ చేసి కనుక్కున్నాను. ఖాదర్ వలి ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉంది.