ఇత్తడి చక్రం, నా కడుపుమంట

నా కొంప నేనే ముంచుకున్న కథ ఒకటి చెబుతాను. అందులో ఒక కొరమీను కూడా ఉంది. అది మాత్రం మునగలేదు, హాయిగా ఈదుకుంటూ పోయింది. మునిగింది నేనొక్కదాన్నే.

మా మావగారు కాలవ మీద తూములు చూసుకునే లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఒక ఇత్తడి చక్రం ఉండేది. గాలపు కర్రకి కట్టి దారం చుట్టుకునే చక్రం. ఆయన తండ్రి మిషను బంగళాలో వంట చేసేవారట. అక్కడి దొర తన దేశం వెళ్లిపోతూ ఇచ్చాడట. అరచేతంత ఉంటుంది. పక్కన రెండు చిన్న పిడులు. గేరూ లేదు, బ్రేకూ లేదు. వేలితో ఒక్కసారి మీటితే అలా తిరుగుతూనే ఉంటుంది, ఆపాలంటే మన బొటనవేలే గతి. మావగారు దాన్ని కొబ్బరినూనెతో తుడిచే శ్రద్ధ చూస్తే మా అత్తగారు కూడా ఈర్ష్య పడేవారు.

ఇక ఈర్ష్య విషయానికొస్తే, మా తోడికోడలు రత్నం కాపురానికి వచ్చేదాకా నేను మంచిదాన్నే.

రత్నం కొల్లేటి లంకలో పుట్టింది. ఉత్త వెదురు కర్రా, జీలుగు బెండూ పట్టుకుని గట్టు మీద కూర్చుంటే చేపలు వరస కట్టి వచ్చేవి. పులుసు పెడితే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని వచ్చేవారు. "చిన్నకోడలి చెయ్యి చెయ్యి కాదమ్మా, వరం!" అని ఎవరన్నా అంటే నా కడుపులో ఎండుమిరపకాయలు చిటపటలాడేవి.

ఒకరోజు మావగారు మా ఇద్దర్నీ పిలిచారు. "నాకు చూపు ఆనటం లేదమ్మా. ఈ చక్రం మీలో ఒకరికి ఇచ్చేస్తాను. శనివారం గట్టుకి రండి. దీంతో కొరమీను పట్టినవాళ్లదే చక్రం."

"ఆడవాళ్లకెందుకు నాన్నా?" అన్నారు మా ఆయన.

"నీకిస్తే బైకుకి బిగిస్తావురా!"

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. రత్నానిది పుర్రచేతి వాటం. చక్రానికి పిడులు కుడివైపు. ఒకసారి తిప్పి చూసి, "ఎవరి పళ్లో తోముతున్నట్టుందక్కా" అని వదిలేసింది. చక్రానికి ఒకటే ముఖమని, దాన్ని తిప్పి కట్టడం కుదరదని మా అందరి నమ్మకం. అంటే నేను ఏమీ చెయ్యకుండా ఇంట్లో కూర్చుని తమలపాకు నమిలినా చక్రం నాదే! కానీ కడుపుమంట ఉన్న మనిషి ఊరికే కూర్చుంటుందా?

శుక్రవారం మావగారు కళ్లు చూపించుకోవడానికి ఏలూరు వెళ్లారు. రత్నం బట్టలకని తాడేపల్లిగూడెం వెళ్లింది. నేను ముందుగా సాధన చేద్దామని మావగారు చక్రం దాచే పెట్టె తెరిచాను. చక్రాన్ని కర్రకి కట్టి పెరట్లో నుంచుని, ఎదురుగా రత్నం మొహం ఉన్నట్టు ఊహించుకుని బలంగా విసిరాను.

దారం కొసన కట్టిన సీసం గుండు జామచెట్టు దాకా వెళ్లి ఆగింది. చక్రం ఆగలేదు. తీర్థంలో రంగులరాట్నంలా తిరిగింది. దారం పిచ్చుక గూడులా ఉబ్బింది. ఆపుదామని చెయ్యి పెడితే ఆ పిడులు టకటకా నా కణుపులన్నీ వాయించేశాయి. బడిలో బెత్తం దెబ్బలు తినే భాగ్యం నాకు చిన్నప్పుడు దక్కలేదు, ఆ లోటు ఆరోజు తీరింది.

దారం మొత్తం ఊడదీసి, చిక్కు విప్పి, మళ్లీ చక్కగా చుట్టేసరికి పొద్దు వాలింది. పెట్టె మూత లోపల మావగారు రాసి అంటించిన చీటీ ఒకటి కనిపించింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఏదో ప్రార్థన అయి ఉంటుందని కళ్లకద్దుకుని మూత పెట్టేశాను.

శనివారం ముందు నా వంతు. చిన్న కప్పని ఎర గుచ్చి వేశాను. కాసేపటికి బెండు గుటుక్కున మునిగింది.

"తిప్పమ్మా, తిప్పు!" అని అరిచారు మావగారు.

తిప్పాను. దారం లోపలికి రాలేదు సరికదా, కుప్పలుగా నా కాళ్ల మీద పడింది.

"మావయ్యగారూ, చేప లాగేస్తోందండీ!"

"చేప కాదు తల్లీ, నువ్వే వదులుతున్నావు! వెనక్కి తిప్పు!"

నేను వెనక్కి తిప్పుదామా, ముందుకి తిప్పుదామా అని తేల్చుకునేలోపు కొరమీను గుర్రపుడెక్కలో దూరి, గాలం వదిలించుకుని పోయింది.

రత్నం వచ్చి చక్రాన్ని అటూ ఇటూ చూసింది. కట్లు విప్పి, పిడులు ఎడమవైపుకి వచ్చేలా తిప్పి కట్టింది. ఎడమచేత్తో తిప్పితే దారం బుద్ధిగా లోపలికి వచ్చింది.

"అక్కా, నాకోసమే చుట్టినట్టుందే!"

అరగంటలో మూరెడు కొరమీను గట్టు మీద పడింది.

మావగారు చక్రాన్ని చూశారు. తరవాత నా చెయ్యి చూశారు. "వేళ్లకేమైందమ్మా?"

"కత్తిపీటండీ."

"నాలుగు కణుపులూ ఒకేసారి తరిగావా?"

నేను చెయ్యి కొంగు చాటుకి లాక్కున్నాను. ఆ పూట రత్నం కొరమీను తల నాకే వడ్డించింది. పళ్లెంలోంచి అది కూడా నన్నే చూసింది.

మావగారు పోయి చాలా ఏళ్లయింది. ఈమధ్య మా చర్చిలో పెట్టిన సాయంత్రపు బడిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న రత్నం ఆ పెట్టె నా చేతిలో పెట్టి, "కాస్త నూనె రాసి ఇవ్వక్కా" అంది. మూత తెరిచి, చీటీ కూడబలుక్కుంటూ చదివాను.

"దారం పైనుంచి చుట్టాలి. కిందనుంచి చుట్టరాదు."

దాని కింద వేరే సిరాతో ఇంకా ఉంది. "పెద్దకోడలు తిరగేసి చుట్టింది. చిన్నదాని పుర్రచేతికి అదే కుదిరింది. ఇలాగే ఉంచండి. పెద్దదాన్ని ఎవరూ ఏమీ అనవద్దు. చదువు వచ్చిన రోజున తనే నవ్వుకుంటుంది."

తలెత్తితే రత్నం గుమ్మంలో నుంచుని ఉంది.

"నీకు మొదటినుంచీ తెలుసా?"

"చీటీ పెట్టెలోనే ఉంది కదక్కా, నాకు చదవటం వచ్చు కదా."

"మరి ఇన్నేళ్లూ నవ్వు ఎలా ఆపుకున్నావే?"

"ఆపుకున్నానని ఎవరన్నారు?"

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈర్ష్య పడటం మానను, అది నా వల్లయ్యే పని కాదు. కానీ కడుపు మండుతున్నప్పుడు ఈ జన్మలో ఎవరి దారమూ చుట్టను. ఒకవేళ చుట్టాల్సివస్తే, ముందు మూత లోపల ఏం రాసుందో చదువుతాను.