సాంచెల మీది గది

సోమలింగం గొంతు పెద్దది. పరాయి రాష్ట్రానికి వలసొచ్చి, ఉధ్నాలో ఏళ్ల తరబడి సాంచెలు నడిపిన వాళ్ల గొంతులన్నీ అంతే. ఆ మరమగ్గాల మోతకు చెవులు మందగిస్తాయి, ఇంటికొస్తే అరిచే మాట్లాడతారు. ఏం చెప్పినా కూతురు హిమశ్రీ "ఏంది?" అంటుంటే, తన చెవుడే బిడ్డకు వచ్చిందనుకున్నాడు. ఇంకా గట్టిగా అరిచేవాడు.

వాళ్ల గది కార్ఖానా పైనే. లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాయి, గోడల వణుకు ఆగింది. ఒకనాడు భార్య సంధ్యారాణి పొయ్యి ముందునుంచి కదలకుండా, మామూలు గొంతుతో అంది.

"బిడ్డా, రెండు ఉల్లిగడ్డలు, జర కొత్తిమీర తే."

హిమశ్రీ రెండూ తెచ్చింది. పక్కనే కూర్చున్న సోమలింగానికి ఆ మాట సరిగా వినపడనే లేదు.

సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. హిమశ్రీ మళ్లీ "ఏంది?" అనడం మొదలుపెట్టింది.

బడి తెరిచాక టీచరు పిలిపించింది. పిల్లకు ఏం చెప్పినా ఎక్కడం లేదు, మందబుద్ధి పిల్లల బడికి మార్చండి అంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

పిల్లను చెవుల ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పరీక్ష చేసే నీరజ తెలుగామె. పిల్లను అద్దాల గదిలో కూర్చోబెట్టి, మొదట మాటలు వినిపించింది. తర్వాత ఆ మాటల వెనక గోల కలిపింది. ఇంకో రోజు రమ్మని మిగతా పరీక్షలూ చేసింది.

"చెవులు బాగున్నాయండి. మందబుద్ధి కాదు. గోలలోంచి మాటను విడదీసుకోవడమే పాపకు కష్టం. మీరు అరిస్తే గోల పెరుగుతుంది, అంతే. దగ్గరికెళ్లి భుజం తట్టండి. ముఖం చూపించి ఒక్కో మాట చెప్పండి."

సోమలింగం నవ్వాడు. "గిదేంది మేడం, కార్ఖానాల మేం గిట్లనే మాట్లాడుకుంటం!"

"మరి ఇంట్ల ఎందుకు ఒర్లుతవ్?" అంది సంధ్యారాణి. "నీ నోటికి నా చెవులు వోతున్నయ్."

మాస్కు పైన నీరజ కళ్లు నవ్వాయి. వాళ్లు వెళ్లాక టీచరుకు ఫోన్ చేసి, చాలాసేపు ఓపిగ్గా మాట్లాడింది. కిటికీకి దూరంగా ముందు బెంచీ ఇవ్వమంది. చెప్పేది బోర్డు మీద కూడా రాయమంది. చివరికి టీచరు సరేనంది. పిల్లను ఇక్కడే ఉంచుకుంటామంది. నీరజ ఆ సంగతి సోమలింగం ఫోన్‌కు మెసేజ్ పెట్టింది.

సాయంత్రం సోమలింగం మెట్లెక్కి వచ్చాడు. కింద సాంచెలు నడుస్తూనే ఉన్నాయి. గుమ్మంలోంచి పిలవబోయి, నోరు మూసుకున్నాడు. దగ్గరికెళ్లి కూతురి భుజం తట్టాడు, మాస్కు కిందికి లాగాడు.

"నీ బడి నీకే ఉన్నది."

హిమశ్రీ ముఖం వెలిగింది. గబగబా ఏదో అంది.

"ఏంది?" అన్నాడు.

ఆమె అతని భుజం తట్టింది. గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"అమ్మకు చెప్పినవా?" అంది, నెమ్మదిగా.