మా చెల్కలో దిగిన దేవదూత

ఫోన్లో కెమెరా ఉన్న ప్రతివాడూ డైరెక్టర్ అయిపోయిన రోజులవి. మా కొడకండ్ల దిక్కున ఏ గట్టు మీద చూసినా ఎవడో ఒకడు "యాక్షన్" అని అరుస్తుండేవాడు, ఇంకెవడో ఉత్తపుణ్యానికి ఏడుస్తుండేవాడు. డిగ్రీ పూర్తిచేసి, ఏ కొలువూ దొరక్క, బువ్వ వేళకు మాత్రం తప్పకుండా ఇల్లు చేరే నాలాంటివాళ్లకు సినిమాను మించిన పని కనబడేది కాదు. రేపో మాపో హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి నన్ను ఎత్తుకుపోతారని నిజంగానే నమ్మాను. (అమ్మకు ఈ సంగతి చెప్తే, "పొయ్యేటప్పుడు గా బర్రెకింత గడ్డేసి పో" అంది.)

మా ముఠాకు పెద్ద, మేమంతా 'డైరెక్టర్' అని పిలిచే నా దోస్తు. వాడు రాసిన కథలో ఒక దేవదూత పైలోకం నుంచి కాలు జారి మా ఊళ్లో పడతాడు. తిరిగి పోదామంటే రెక్క విరిగింది, ఉందామంటే ఆధార్ కార్డు లేదు. కార్డు లేనివాడికి కిరాయికి ఇల్లెవరిస్తారు, రేషన్ బియ్యమెవరిస్తారు? పాపం పత్తి ఏరి, గొర్లు కాసి, ఇంటింటా తిట్లు తిని బతుకుతాడు. చివరకు రెక్క అతుక్కుని పైకి ఎగిరిపోతాడు. ఆ వేషానికి నన్ను తీసుకున్నది నా నటన చూసి కాదు, నా బరువు చూసి. "నువ్వయితే పుల్లలెక్కుంటవ్‌రా, తాడు తెగదు" అన్నాడు డైరెక్టర్. అట్టముక్కలతో రెక్కలు కోసి, చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన ఈకలు అతికించాం. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. నేను వేషం కట్టిన ప్రతిసారీ ఊరికుక్కలన్నీ ఎంతో భక్తిగా నా వెంట నడిచేవి.

అన్ని సీన్లూ అయిపోయాయి, దేవదూత ఆకాశం నుంచి దిగేది, చివర్న తిరిగి ఎగిరేది తప్ప. చెట్టు మీంచి దిగితే కోతి దిగినట్టుంది. నీళ్ల ట్యాంకు ఎక్కుదామంటే ఊరివాళ్లు కట్టెలు పట్టుకొచ్చారు. సరిగ్గా అప్పుడే మా చెల్కకు, అంటే మా మెట్టచేనుకు, బోరు వేసే బండి వచ్చింది.

ఆ బోరు సంగతి కొంచెం చెప్పాలి. అంతకుముందే మా బాపు రెండు బోర్లు వేయించాడు. రెండింట్లోనూ దుమ్మే లేచింది. రెండూ చూపించింది మా ఊరి కాయతాతే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చెల్కంతా నడుస్తాడు, కాయ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్లున్నట్టు. (కాయ లేచినంత చక్కగా నీళ్లు మాత్రం ఏనాడూ లేవలేదు.) ఇది మూడోది, ఆఖరుది; దీనికీ పై గట్టు దగ్గర ఆయనే కాయ లేపాడు. "గీసారి గూడ దుమ్మే లేస్తే నేను పట్నం పోయి వాచ్‌మెన్ పని జేసుకుంట. గీ భూమి ఎవలన్న దున్నుకోని" అన్నాడు బాపు, కంచం ముందు కూర్చుని. మా బాపు ఊరికే ఒక మాట అనే మనిషి కాదు.

బండి మీద పనిచేసేది మా మేనమామ. "మామా, జర నన్ను పైకి గుంజి దించరాదూ" అని కాళ్లావేళ్లా పడ్డాను. ఆయనకూ లోపల సినిమా పిచ్చి ఉంది. "బావ రాకముందే అయిపోవాలె అల్లుడా, లేకుంటే ఇద్దర్నీ బొందల బెడ్తడు" అన్నాడు. తెల్లవారేసరికి బండి ఇంకా కింది గట్టు పక్కనే ఉంది, కాయ లేచిన చోటికి తీసుకుపోలేదు. నడుముకు తాడు కట్టి, రాడ్లు లేపే కొమ్ముకు నన్ను వేలాడదీశారు. డైరెక్టర్ "యాక్షన్" అన్నాడు. నేను చేతులు చాచి, లోకం మీద కరుణ కురిపిస్తూ చిరునవ్వు నవ్వాను. అంతే, రెక్కల్లో గాలి దూరింది. బొంగరంలా నాలుగు చుట్లు తిరిగాను, ముడి జారింది, దున్నిన మట్టిలో బోర్లా పడ్డాను. చచ్చానో బతికానో చూడకుండా డైరెక్టర్, "సూపర్‌రా! గట్లనే పండుకో, లేవకు!" అని అరిచాడు.

కళ్లు తెరిస్తే ఎదురుగా మా అవ్వ, బాపును కన్నతల్లి. బండికి పూజ చేద్దామని పసుపు కుంకుమ పట్టుకొచ్చింది. వెనకే కాయతాతతో బాపు.

"సిగ్గుండాలెరా! బోరు పడ్తదో పడదో అని నా పానం కొట్టుకుంటుంటే నీకు ఆటలయినయా?" అని, మామ వైపు తిరిగాడు. "బామ్మర్దీ, బండి పై గట్టుకు పోనియ్. కాయ లేసిన కాడికి."

"బండి ఏడికీ పోదు" అంది అవ్వ. నేను పడ్డచోట పసుపు చల్లి, అక్కడే చతికిలబడింది. "గీడనే బోరు పొడువుండ్రి."

"అవ్వా, వాడు మన పోరడే. తాడు జారి పడ్డడు" అన్నాడు బాపు.

"పెంచినదాన్ని, వాడెవడో నాకు తెల్వదా? పుట్టినప్పటి సంది ఒక్క పనికి రాలే. దేవుడు మనిషిని ఉత్తగ పుట్టియ్యడు గద కొడుకా! వీన్ని గిందుకే పుట్టిచ్చిండు గావొచ్చు."

"నా కాయ తప్పదు!" అని గట్టు మీంచి కాయతాత లేచాడు.

"తప్పకనే రెండు బొందలు దీసినమా? నువ్ కూసో!" అంది అవ్వ. బాపు బండికేసి చెయ్యూపి, "కానియ్యుండ్రి. ఏడైతేంది" అన్నాడు నీరసంగా.

మిషన్ మొదలయ్యాక నా నవ్వంతా ఆవిరైపోయింది. ఇప్పుడు దుమ్ము లేస్తే ఆ దుమ్ము నా పేరు మీదే లేస్తుంది. బాపును వాచ్‌మెన్ చేసిన కొడుకును నేనే అవుతాను. రాడ్ మీద రాడ్ దిగుతోంది, తెల్లటి పొడి తప్ప ఏమీ లేదు. వీపున ముడులు విప్పే తీరిక ఎవరికీ లేక, రెక్కలతోనే కూర్చుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. సమ్మక్క తల్లికి నిలువెత్తు బెల్లం ఇస్తానన్నాను. (నా ఎత్తా, బాపు ఎత్తా అన్నది మాత్రం తేల్చలేదు.) "రాయే వస్తుంది బావా" అన్నాడు మామ తల అడ్డంగా ఊపుతూ. బాపు తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని, అటు తిరిగి గట్టు మీద కూర్చున్నాడు. ఆయన వీపు చూడలేక నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మిషన్ చప్పుడు మారింది. దుమ్ము ఆగింది. బురద చిమ్మింది. ఇంకో రాడ్ దిగిందో లేదో, బండి కొమ్ము దాటి నీళ్లు లేచాయి! "ఓ నా గంగమ్మ తల్లీ!" అని అవ్వ రెండు చేతులూ ఎత్తింది. కాయతాత తన కాయను అక్కడే కొట్టేసి అందరికంటే ముందు ముక్క నోట్లో వేసుకున్నాడు. బాపు పరుగెత్తుకొచ్చి నా రెండు రెక్కలూ దొరకబట్టుకున్నాడు. దెబ్బలు పడతాయని కళ్లు మూసుకున్నాను. గట్టిగా కావలించుకున్నాడు. నాకు బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. ఆయన మీసాలకు కోడి ఈకలు అంటుకున్నాయి. నేను బురదలో గంతులేస్తుంటే డైరెక్టర్ ఫోన్ ఆపకుండా అంతా తీశాడు.

అట్టరెక్కలు ఆ నీళ్లలో అక్కడే ముద్దయిపోయాయి. ఇక దేవదూత పైకి ఎగిరేదెట్లా? డైరెక్టర్ తల గోక్కుని కథే మార్చేశాడు. దేవదూత ఈ నీళ్లు చూసి పైలోకం వద్దనుకుని మా ఊళ్లోనే ఉండిపోతాడు. సినిమాను ఫోన్లలో అందరికీ పంపాం. సినిమావాళ్లు ఒక్కరూ రాలేదు గానీ చుట్టుపక్కల రైతులు వచ్చారు. "తమ్మీ, జర మా చెల్కల గూడ వచ్చి పడరాదు. మెల్లగనే పడు, దెబ్బ తాకకుంట." నాకే మహిమా లేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. అవ్వేమో వాళ్లకు చాయ్ పోసి, "ఈకలు మీరే తెచ్చుకోవాలె మరి" అని బేరం కుదిర్చేది.

ఇప్పుడు జనగామలో పెళ్లి వీడియోలు తీసుకుంటున్నాను. మొన్న ఒక చుట్టాల పెళ్లిలో కెమెరా పట్టుకుని తిరుగుతుంటే, వెనక వరుసలో బాపు ఫోన్ తీసి ఎవరికో మా సినిమా చూపిస్తున్నాడు. నా కరుణరసమంతా వేలితో గబగబా దాటించేసి, నీళ్లు లేచేకాడ ఆపాడు.

"గా రెక్కలాయన ఎవలే?" అని అడిగాడు పక్కాయన.

"మా పోరడే" అన్నాడు బాపు. "సినిమా గినిమా నాకు తెల్వది. వాడు పడ్డ కాడనే నీళ్లు పడ్డయి. నేను పట్నం పోలే."

తలంబ్రాలు పోస్తున్నారని ఎవరో అరుస్తున్నారు. నేను మాత్రం ఆ చిన్న తెరలో బురదలో గంతులేస్తున్న పుల్లలాంటి పిల్లగాణ్ణి చూస్తూ, ఎంత పిచ్చోడివిరా నువ్వు అని నవ్వుకుంటూ నిలబడిపోయాను.