గుంటలో వేడి

ఊళ్ళో ఆమెను అందరూ చెత్తమ్మ అంటారు. ఆమె ఆ పేరుకే పలుకుతుంది. వంటింటి తుక్కుతో ఎరువు చేయడం ఇంటింటికీ తిరిగి నేర్పడం ఆమె పని. ఎవరి పెరట్లోకి వెళ్ళినా గాజులు మోచేతి దాకా ఎగదోసి, ఎరువు గుంట ముందు గొంతుక్కూర్చుని చెయ్యి లోపలికి పోనిస్తుంది. అప్పుడు కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టుకుంటుంది. ఎన్నేళ్ళుగా చేస్తున్నా ఆ క్షణం ఆమెకు పాతబడలేదు. దర్జీవాళ్ళ గుంట మాత్రం చేతికి చల్లగా తగిలింది. లోపల తొక్కలు నిగనిగలాడుతున్నాయి. "శుభ్రంగా ఉంటాయని సబ్బుతో కడిగి వేశానక్కా," అంది కోడలు. చెత్తమ్మ నవ్వలేదు. ఎండుటాకులు, పేడనీళ్ళు, చారెడు తయారైన ఎరువు కలిపించి, ఇకమీదట తొక్కల్ని ఉన్నవి ఉన్నట్టే వెయ్యమంది. "కుళ్ళును ఎవరైనా పెరట్లో పెంచుకుంటారా," అంటూ అత్త ముక్కు మూసుకుని లోపలికి పోయింది.

వారం తిరిగేసరికి, ఒక పొద్దున గుంట మీద సన్నగా ఆవిరి లేచింది. "ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు పిన్నీ," అంది చెత్తమ్మ. అత్త మొహం చిట్లించుకునే పెట్టి, ఉలిక్కిపడి లాక్కుంది. కాసేపాగి తనే మళ్ళీ పెట్టింది. "ఇదేంటమ్మా, జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలిపోతోంది. పొయ్యి లేదు, నిప్పు లేదు." "కంటికి కనపడని ప్రాణాలు కోటానుకోట్లు లోపల కూర్చుని తింటున్నాయి. వాటి వేడే ఇది," అంటూ చెత్తమ్మ తన చెయ్యి కూడా ఆ చేతి పక్కనే దించి, ఎప్పట్లాగే ఊపిరి బిగబట్టుకుంది. కాసేపటికి అత్త చెయ్యి తియ్యకుండానే వంటింటివైపు తిరిగి కోడల్ని కేకేసింది. "ఆ తొక్కలు ఇటు పట్రా అమ్మాయ్. పాపం, వీటికి రాత్రి నుంచీ ఏమీ పెట్టలేదు."