రాతి కింద ఒకరుండారు

దేవరాజన్ ఏ రాతినైనా ముందు పలకరించి, తర్వాతే ముట్టుకుంటాడు. పొద్దున ఆరింటికి పుదుచ్చేరిలో మురుంగపాక్కం టీకొట్టు ముందున్న రాతిబల్ల దగ్గరికి వస్తాడు. వేలి కణుపుతో మూడుసార్లు తడతాడు. చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. రాయి సరేనంటే కూర్చుని టీ తాగుతాడు, వద్దంటే నిలబడి తాగుతాడు. ఎందుకు వద్దందని టీకొట్టాయన ఒకసారి అడిగాడు.

"నిన్న దీని మీద కూర్చోని ఎవురో ఏడ్చినారు. ఇంకా ఆరలా," అన్నాడు దేవరాజన్.

ఆ రోజు మిగతావాళ్ళు కూడా నిలబడే తాగారు.

నలభై ఏళ్ళుగా అతని పని వంటగట్లకు రాళ్ళు కోయడం, పరచడం. అలవాటు మాత్రం రాళ్ళ దగ్గర ఆగలేదు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు గడపను తట్టి విన్నాడనీ, గడప ఒప్పుకున్నాకే కాఫీ పుచ్చుకున్నాడనీ అతని భార్య సెంగమలం ఇప్పటికీ చెబుతుంది. ఒకసారి అరియాంకుప్పం బస్సు ఎక్కబోతూ దాని రేకును తట్టాడట. "ఏమంటాది?" అని కండక్టరు ఎకసెక్కంగా అడిగాడు. "బ్రేకు గురించి ఏందో చెప్తాది, చూసుకో," అని దేవరాజన్ వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయాడు. అతని వెనకే పదకొండు మంది దిగిపోయారు.

అలాంటి మనిషి కోసపాళయంలో వెన్నెల వాళ్ళింటికి వచ్చింది నవంబరు వానల్లో.

వెన్నెల యానాం అమ్మాయి. భువనేశ్‌ను పెళ్ళి చేసుకుని ఆ ఇంటికి వచ్చి ఏడాదైంది. భువనేశ్ వాళ్ళు తరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే, కానీ తెలుగులో రాసిన పెళ్ళిపత్రిక వస్తే వెన్నెల చదివి చెప్పాలి. ఇంట్లో ఉండేది ముగ్గురే. మూడో మనిషి అత్తగారు లోగనాయకి. వంటిల్లు ఆవిడది.

గొడవంతా ఆ వంటింటి గురించే. దీపావళికి కాగే నూనె మూకుడులోంచి గిన్నెలోకి పోయబోయి పక్కన పోసింది లోగనాయకి. కాలి బొటనవేలు కాలింది. అప్పటినుంచి భువనేశ్ ఒకటే మాట.

"నీ కండ్లు మసకైతే చెప్పేయమ్మా. పొయ్యి కాడికి పోబాకు. వెన్నెల చూసుకుంటాది."

"నా కండ్లకేమిరా? అదో, క్యాలెండరు చదవనా?" అని లోగనాయకి గోడవైపు తిరిగి తేదీ, వారం, రాహుకాలం గడగడా చెప్పేసింది. అన్నీ ఆ రోజుకు సరిగ్గానే ఉన్నాయి. కానీ గోడ మీద ఉన్నది నిన్నటి కాగితం, ఆ రోజు ఎవరూ చింపలేదు. అది వెన్నెల ఒక్కతే చూసింది. కొత్తకోడలు కాబట్టి ఊరుకుంది.

తర్వాత వారం భువనేశ్ కొత్త గ్యాస్ పొయ్యి తెచ్చాడు. నాలుగు బర్నర్లు, పైన నల్లటి అద్దం. గట్టు మీద పెట్టేది కాదు, గట్టు కోసి అందులో దించేది. "ఇంక నువ్వు కూర్చోని తినొచ్చు," అన్నాడు తల్లితో.

"కూర్చోని తినేదానికి నేనేమన్నా చుట్టాన్నా?" అంది ఆవిడ. ఆ పూట అన్నం తినలేదు.

దేవరాజన్ వచ్చిన రోజు పొద్దున పదింటికే దీపాలు వేసుకునేంత మబ్బు. కోత మిషను గోనెసంచిలో చుట్టి, మోపెడ్ వెనక కట్టుకుని వచ్చాడు.

"దేవరాజన్ గారూ, కాఫీ తాగుతారా?" అంది వెన్నెల.

అతను మెల్లిగా వెనక్కి తిరిగి ఖాళీ వీధివసారా వైపు చూశాడు. "ఎవురు పాపా ఆ గారు? నా ఎనకాల నీకెవురన్నా కనిపిస్తా ఉండారా?"

వెన్నెల కూడా వసారా వైపు చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు.

వంటింట్లో గట్టు దగ్గర అతను చెప్పులు విప్పాడు. "కడప రాయి. దీనికి అరవం రాదు. ఈ ఊర్లో అందరూ దీంతో అరవమే మాట్లాడతారు. దానికెంత కష్టం, చెప్పు." వంగి మూడుసార్లు తట్టాడు. "ఏందమ్మా, బాగుండావా?"

బయట వాన. లోపల ఏ చప్పుడూ లేదు. అప్పుడు రాతి లోపలినుంచి ఎవరో ఒక్కసారి కొట్టారు. టొక్.

వెన్నెల కాఫీగ్లాసుతో ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎవరండీ అది?"

"అది నేనడగతా. నువ్వు ఆ గ్లాసు పట్టుకో," అన్నాడు దేవరాజన్.

టార్చి తీసుకుని వెల్లకిలా పడుకుని గట్టు కిందికి జరిగాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. కాసేపు కాళ్ళు కదిలాయి, తర్వాత కదలడం మానేశాయి. వెన్నెల వంద దాకా లెక్కపెట్టింది. పిలుద్దామని వంగింది.

"పాపా," అన్నాడు అతను కిందనుంచి, మెల్లిగా. "ఈ రాతి కింద ఒకరుండారు."

"ఎవరు?"

"చానా నాళ్ళుగా ఉండారు. చీకట్లో తడుముకుంటా తిరగతా ఉండారు, ఈ మూల నుంచి ఆ మూలకి. వేళ్ళ జాడలుండాయి."

"నేను చూడొచ్చా?"

"చూడబాకు."

బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుని, మిషను విప్పకుండానే మళ్ళీ మోపెడ్‌కు కట్టాడు. "ఈ పొద్దు ఒప్పుకోలా. మళ్ళా వస్తా." కాఫీ నిలబడే తాగాడు.

రాత్రి భోజనాల దగ్గర భువనేశ్ పడిపడి నవ్వాడు. "రాయి ఒప్పుకోకపోతే రాయినే మార్చేద్దాం. పాతదంతా పీకేసి గ్రానైటు వేయిస్తా. ఆదివారం దాకా చూస్తా, అంతే."

లోగనాయకి చేయి మజ్జిగ గ్లాసు మీద ఆగిపోయింది. "ఆదివారం దాకా ఆ రాయిని ఎవురూ ముట్టబాకండి," అంది.

ఆ వారమంతా వెన్నెలకు నిద్ర సరిగ్గా పట్టలేదు. తెల్లవారుజామున వంటింట్లోంచి చప్పుళ్ళు. ఏదో రాతి అంచును గీరుతూ మెల్లిగా జరుగుతున్నట్టు. మూత తీసిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఒకరోజు ధైర్యం చేసి వెళ్ళి లైటు వేసింది. అత్తగారు పొయ్యి ముందు నిలబడి ఉంది.

"లైటు వేసుకోలేదేంటి అత్తయ్యా?"

"తెల్లారింది గదా," అంది లోగనాయకి.

కిటికీలో ఇంకా చుక్కలున్నాయి. వెన్నెల గదిలోకి వెళ్ళి దుప్పటి తల మీదికి లాక్కుంది.

ఆదివారం దేవరాజన్ వచ్చాడు. భువనేశ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, రాయబారం తెచ్చినవాడిలా నిలబడ్డాడు.

"ఒప్పుకుంది. మూడు షరతులు పెట్టింది. ముందంచు పాలిష్ చేయకూడదు. పొయ్యికి తిప్పే మరలు నాలుగుండాయి గదా, వాటికి సరిగ్గా అంచు కింద గాట్లు పెట్టాల. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అట్లా నాలుగు దాకా. ఇంగ మూడోది, నెలకొక గురువారం లోగనాయకక్క నాతో అరియాంకుప్పం రావాల. ఆడ ఒకాయన చూస్తాడు."

"ఏం చూస్తాడు?"

"చూడాల్సింది చూస్తాడు."

"ఇట్లాంటివి నేను నమ్మను," అన్నాడు భువనేశ్.

"సరి. నువ్వే తట్టి చెప్పు దానికి."

భువనేశ్ గట్టు వైపు చూశాడు. "నమ్మను, కానీ అడ్డం కూడా చెప్పను," అన్నాడు.

కోత చూడలేనని లోగనాయకి గుడికి వెళ్ళిపోయింది. దేవరాజన్ కొలతలు గీశాడు. మళ్ళీ మూడుసార్లు తట్టాడు. "కోస్తా ఉండా తల్లీ. నొప్పైతే చెప్పు."

టొక్.

భువనేశ్ కుర్చీలోంచి లేచి, ఆఫీసు ఫోను వచ్చిందని వీధిలోకి వెళ్ళాడు. ఫోను బల్ల మీదే ఉంది.

దేవరాజన్ పగులు పాకకుండా నాలుగు మూలలా ముందు బెజ్జాలు వేశాడు. మిషను కేక పెట్టింది. వెన్నెల చెంబుతో నీళ్ళు పోస్తుంటే నల్లటి బురద కారింది. చివరికి ముక్క విడివడి అతని చేతుల్లోకి దిగింది. ఆ కంతలోంచి చల్లగా, చింతపండు వాసన, పాత పొగ వాసన పైకి వచ్చాయి. దేవరాజన్ కోసిన ముక్కకు చెవి ఆనించాడు. "పావం, ఒంటిగా అయిపోయింది," అని దాన్ని గోనెసంచిలో చుట్టుకుని తనతో తీసుకెళ్ళాడు.

పొయ్యి అతికినట్టు కూర్చుంది. మొదటి గురువారం లోగనాయకి మోపెడ్ వెనక కూర్చుని అరియాంకుప్పం వెళ్ళింది. వస్తూ వేలెడంత సీసాలో తీర్థం తెచ్చింది. దేవుడి గూట్లో పెట్టింది. ఏదీ నమ్మని భువనేశ్ ఆఫీసుకు వెళ్ళేముందు రోజూ దానికి దణ్ణం పెట్టుకోసాగాడు. శుక్రవారాలు పువ్వు కూడా.

డిసెంబరులో తుపాను వచ్చింది. సాయంత్రం నాలుగింటికే ఊరు మసిబట్టినట్టైంది, కరెంటు పోయింది. కొవ్వొత్తి కోసం వెన్నెల వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

చీకట్లో ఏదో గట్టు అంచు వెంట పాకుతోంది.

"ఒకటి," అంది ఒక గొంతు. "రెండు. మూడు."

నీలిమంట భగ్గున లేచింది. ఆ వెలుగులో లోగనాయకి ముఖం కనిపించింది. ఆవిడ మంట వైపు చూడటం లేదు. గోడ వైపు చూస్తోంది. ఎడమచేతి వేళ్ళు అంచు కింద ఉన్నాయి, కుడిచేయి పప్పుగిన్నెను సరిగ్గా మూడో పొయ్యి మీద పెట్టింది. వేళ్ళు మళ్ళీ పాకి ఒకచోట ఆగాయి. పైన ఉప్పుడబ్బా.

వెన్నెల మెల్లిగా వెళ్ళి అంచు కింద తడిమింది. చింతగింజలు. రాతికి గట్టిగా అతికించి ఉన్నాయి. ఉప్పు దగ్గర ఒక గింజ, కారం దగ్గర రెండు, పసుపు దగ్గర మూడు. పొయ్యి ముందు దేవరాజన్ గాట్లు. గింజల మధ్య రాయి వేళ్ళకు అరిగి నున్నగా ఉంది.

"ఎవురాడ?" అంది లోగనాయకి.

"నేనే అత్తయ్యా."

లోగనాయకి మూడో మర తిప్పి మంట తగ్గించింది.

"చూసినావా?"

"చూశాను."

"వాడికి చెప్తావా?"

వెన్నెల ఉప్పుడబ్బాను దాని గింజకు సరిగ్గా జరిపింది. "రేపటినుంచి క్యాలెండరు కాగితం పొద్దున్నే నేను చింపుతానండి," అంది. "వేడినూనె కూడా నేనే పోస్తాను. మిగతాది మీ ఇష్టం."

లోగనాయకి నవ్వింది.

"మరి అరియాంకుప్పంలో చూసేదెవరు?" అంది వెన్నెల.

"కండ్ల డాక్టరు. దేవరాజన్ పట్టుబట్టినాడు. గింజలు చూసినాక నువ్వు లేనప్పుడొకనాడు వచ్చి చెప్పినాడు. 'నీ గుట్టు నేను రాతిలో పెట్టి మూస్తా, నువ్వు ఆస్పత్రికి రా. రాకపోతే నీ కొడుక్కి నేనే చెప్తా' అని. పోయిన చూపు రాదంట. ఉండేది పోకుండా చుక్కలిచ్చినారు."

"ఆ తీర్థమా?"

"తీర్థమే. మీ ఆయన మొక్కేది దానికే."

వెన్నెల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరి ఆ రోజు రాతిలోంచి పలికింది?"

"నేనే. ఎనక వసారాలో ఉల్లిపాయలు వలస్తా ఉంటి. రాతి కొన గోడలోనుంచి ఆ పక్కకి వస్తాది. రోకలితో ఒకటి కొట్టినా. నలభై ఏండ్లుగా అడగతా ఉండాడు, ఒక్క రాయన్నా బదులు చెప్పిందా? పావమనిపించింది."

"కోసిన రోజు కూడా మీరేనా?"

"ఆ పొద్దు నేను గుడికాడ ఉంటినే," అంది లోగనాయకి.

పప్పు పొంగింది. ఇద్దరూ ఒకేసారి చేయి చాపారు.

వాన తగ్గాక వెన్నెల మురుంగపాక్కం వెళ్ళి, కోసిన రోజు పలికిందెవరని దేవరాజన్‌ను అడిగింది. అతను అప్పుడే రాతిబల్లను తట్టి లేచాడు. అరచేత్తో గడ్డం నిమురుకున్నాడు.

"అది నువ్వనుకుంటి పాపా," అన్నాడు. ఆ పూట ఇద్దరూ నిలబడే టీ తాగారు.

దేవరాజన్‌కు ఇప్పుడు అరవై నాలుగు. ఇంకా మోపెడ్ మీదే తిరుగుతాడు. నెలలో మొదటి గురువారం ఏ పనీ ఒప్పుకోడు. రాయి వద్దందని చెబుతాడు.