ఎదురెదురు వాకింగ్

ఆ పొద్దున కడపలోని కాలేజీ మైదానంలో ఉన్నది నేను, నాన్న, చిన్నాయన, మూడు కుక్కలు. బట్టల అంగడి పంచుకున్నప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఇద్దరికీ బీపీ. మనసు నెమ్మది పడేలా రోజూ నడవకపోతే గుండెకు ముప్పని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు. తమ్ముడి మొహం చూడకూడదని నాన్న ఆయనకు ఎదురు దిశలో నడుస్తాడు. దాంతో ప్రతి చుట్టులోనూ ఆ మొహం రెండుసార్లు ఎదురవుతుంది.

నేను ఇంజనీరింగు చదివినవాణ్ణి కాబట్టి నేల మీద బొమ్మ గీసి చూపించాను.

"ఇద్దరూ ఒకే పక్కకు నడిస్తే అసలు ఎదురుపడరు నాయనా."

"అంటే వాని వెనకాల నేను నడవల్లనా?"

"అది గుండ్రటి దారి. ఆయనే నీ వెనకాల వస్తాండాడనుకో."

"నేననుకుంటే సాలదురా. వాడూ అనుకోవల్ల గదా."

నడక మొదలుపెట్టిన రోజు నాన్న బీపీ నూట యాభై. నెల తర్వాత నూట డెబ్బై.